శాలువా ట్రే ఎవరి చేతిలో ఉంది?

(మహిళా దినోత్సవం సందర్భంగా నల్లగొండలోని ఒక డిగ్రీ కళాశాలలో విద్యార్థినులు, మహిళా సంఘాల వీఓఏలు (ఊరి సంఘాల లెక్కలు చూసే సహాయకులు) కలిసిన సభలో, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన ఒక లెక్చరర్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తుందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. నేను ముప్పై ఏళ్ళు క్లాసులు చెప్పిన మనిషిని, మైకు లేకున్నా నడుస్తుంది.

ఇప్పుడే నాకు శాలువా కప్పారు. సంతోషం. ఇంట్లో బీరువాలో ఒక అర నిండా ఇవే ఉన్నాయి. చలికాలం కప్పుకుందామంటే పనికిరావు, ఎవరికైనా ఇద్దామంటే వాళ్ళ ఇంట్లోనూ ఇవే. నవ్వకండి, నిజం చెప్తున్నా. సరే, ఇందాక శాలువా ట్రే పట్టుకొచ్చిన బిడ్డ ఎవరు? లేచి నిలబడమ్మా. ఏ గ్రూపు? ఎంపీసీఎస్ ఫైనలియర్. ఈ వెనకాల ఉన్న పోస్టరు ఎవరు చేశారు? నువ్వేనా! మరి పేరెందుకు లేదు దాని మీద? ప్రిన్సిపాల్ గారి పేరుంది, ముఖ్య అతిథి పేరుంది, నా పేరు కూడా ఉంది, అదీ తప్పు స్పెల్లింగుతో. చేసిన నీ పేరు లేదు. కూర్చోమ్మా, నిన్ను తప్పుపట్టడం లేదు. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ ట్రే గురించే.

మొదట ఒక చిన్న పరీక్ష. టెక్నాలజీలో ఒక మగవాడి పేరు చెప్పండి. చూడండి, ఎన్ని పేర్లో! బిల్ గేట్స్, ఎలాన్ మస్క్, సత్య నాదెళ్ళ. ఇప్పుడు ఒక ఆడమనిషి పేరు చెప్పండి. కల్పనా చావ్లా. మంచిది. సుధా మూర్తి గారు. మంచిది. ఇంకా? ఇంకొక్క పేరు? నిశ్శబ్దం. సరే, ఆఫ్రికా నుంచి ఒక్క పేరు? మన తెలుగువాళ్ళలోనే ఒక్క పేరు? లేరా? ఉన్నారు. మనకు తెలియదు, అంతే. తెలియకపోవడం మీ తప్పు కాదు, మీకు ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. అయ్యలసోమయాజుల లలిత అనే పేరు నేను నలభై దాటాక విన్నాను. అప్పటికి పదిహేనేళ్ళుగా ఎలక్ట్రానిక్స్ చెప్తున్నాను. సిగ్గేసింది నాకు.

ఎవరీ లలిత? తెలుగింటి పిల్ల. 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనేళ్ళకు పెళ్ళి చేశారు. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయాడు. ఒళ్ళో నాలుగు నెలల పాప. 1937 నాటి మాట ఇది. ఆ రోజుల్లో మొగుడు పోయిన పిల్లను ఏం చేసేవాళ్ళో మీ ముత్తవ్వలను అడగండి, చెప్తారు. మూలన కూర్చోబెట్టేవాళ్ళు. ఈమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన ఏం చేశాడు? కూతురు చదువుతానంటే సరే అన్నాడు. అంతవరకు ఆ కాలేజీలో ఒక్క ఆడపిల్ల లేదు. ప్రిన్సిపాలును ఒప్పించాడు, పైవాళ్ళను ఒప్పించాడు, చేర్పించాడు. తర్వాత మరో ఇద్దరు ఆడపిల్లలు కూడా వచ్చి సివిల్‌లో చేరారు. వాళ్ళలో తెరేసియా అనే ఆమె తర్వాత కేరళలో పీడబ్ల్యూడీ చీఫ్ ఇంజనీరు అయింది.

1943లో లలితకు డిగ్రీ వచ్చింది. మన దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆమె. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ పట్టా అచ్చు కాగితం మీద ఇంగ్లీషులో 'హీ' అని ఉంది, అంటే అతడు. కాలేజీ వాళ్ళు ఏం చేశారు? కొత్త కాగితం అచ్చు వేయించలేదు. ఆ 'హీ'ని పెన్నుతో కొట్టేసి పైన 'షీ' అని రాసి ఇచ్చారు. ఆలోచించండి. ఒక ఆడపిల్ల ఇంజనీరు అవుతుందన్న ఊహ ఆ అచ్చు వేసినవాడికి లేదు! కానీ నాకు ఇంకోటి కూడా అనిపిస్తుంది. కొట్టేసినవాడు కనీసం కొట్టేశాడు. చూసీ చూడనట్టు 'అతడు' అని వదిలేసి చేతికి ఇవ్వలేదు. మన దగ్గర ఇవాళ్టికీ ఎన్ని ఫారాల్లో 'భర్త లేదా తండ్రి పేరు' అని ఒకే గడి ఉంటుంది? దాన్ని ఎవరైనా కొట్టేశారా?

ఆమె తర్వాత ఏం చేసింది? జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌. సిమ్లాలో కొన్నాళ్ళు ఉద్యోగం. ఆ తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్. అక్కడ ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు డిజైన్ చేసింది. భాక్రా నంగల్ డ్యామ్ కరెంటు పనిలో ఆమె చెయ్యి ఉంది. సాగర్‌కు పిక్నిక్ పోయిన వాళ్ళు చేతులెత్తండి. అందరూ పోయారు. డ్యామ్ దగ్గర నిలబడి ఫోటో దిగారు. దాన్ని కట్టించిన నాయకుల పేర్లు చెప్తారు. ఆ కాలంలో ఇలాంటి డ్యాముల నుంచి ఊళ్ళకు కరెంటు ఎలా పోవాలో కాగితం మీద గీసిన వాళ్ళలో ఒక తెలుగు ఆడమనిషి ఉందని ఎవరైనా చెప్పారా? 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, సైంటిస్టుల మొదటి అంతర్జాతీయ సభ జరిగితే ఆమె వెళ్ళింది. చీర కట్టుకుని వెళ్ళింది. 1979లో పోయింది. అరవై ఏళ్ళే.

ఇప్పుడు నా కథ ఒకటి చెప్తా. చిన్నదే. ఏ ఊరు, ఏ కాలేజీ అని అడగొద్దు, చెప్పను. తొంభైల మొదట్లో. నేను కొత్తగా చేరాను. ఇంటర్నల్ మార్కులు, హాజరు శాతం, అన్నీ పెద్ద పెద్ద లెడ్జర్లలో రాసేవాళ్ళు. ఆరుగురు మనుషులు పది రోజులు కూర్చునేవాళ్ళు. కాలేజీకి ఒక కంప్యూటర్ వచ్చింది. దానికి గుడ్డ కప్పి, పూలు పెట్టి, తాళం వేసి ఉంచారు. మీరు నవ్వుతున్నారు గానీ, చెప్పులు విప్పి లోపలికి పోవాలి! నేను ఫాక్స్‌ప్రో నేర్చుకున్నాను, లిస్టులు, లెక్కలు దాచి చూపించే ప్రోగ్రాములు రాయడానికి అప్పట్లో వాడేది అదే. సాయంత్రాలు మా చిన్నదాన్ని బల్ల కింద పడుకోబెట్టుకుని ఒక ప్రోగ్రామ్ రాశాను. ఆ ఏడు మార్కుల లిస్టులన్నీ ఒక్క రాత్రిలో వచ్చాయి. ఆ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు చప్పుడు, కర్ర కోత మిషన్ లాగా, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తర్వాత వార్షికోత్సవం పెట్టారు. 'మన కళాశాలను కంప్యూటరీకరించినందుకు' అని మైకులో చెప్పి, ఎవరికి శాలువా కప్పారో తెలుసా? కంప్యూటరు గది తాళం ఎవరి దగ్గర ఉండేదో ఆ సారుకు. ఆయన మంచివాడే, పాపం. ఆయనకే ఇబ్బందిగా ఉంది. మరి ఆ శాలువా ట్రే స్టేజీ మీదికి పట్టుకొచ్చింది ఎవరు? నేను. కొత్త చీర కట్టుకుని, కుంకుమ భరిణ, పూలు, శాలువా పెట్టుకుని నేనే పట్టుకొచ్చాను.

ఆ రాత్రి ఏడ్చాను. ఏడ్చింది నిజం. కానీ తర్వాత ఆలోచిస్తే నా తప్పూ ఒకటి కనబడింది. ఫాక్స్‌ప్రోలో లైను మొదట్లో నక్షత్రం గుర్తు పెడితే, ఆ లైనును మిషన్ పట్టించుకోదు. మనిషి చదువుకోవడానికి రాసుకునే లైను అది. ఆ ప్రోగ్రాంలో నేను అట్లాంటి లైన్లు ఇరవై రాశాను. ఇక్కడ శాతం లెక్క, ఇక్కడ రౌండింగ్ అని. నా పేరు ఒక్కచోట రాయలేదు. ఒక్క నక్షత్రం, దాని పక్కన నా పేరు. పది సెకన్ల పని. ఎందుకు రాయలేదు? బాగుండదని. ఎవరైనా ఏమైనా అనుకుంటారని. ఈ 'బాగుండదు' అన్న మాట మనకు ఎవరు నేర్పారు?

మీ ప్రాజెక్టుల్లో కూడా అంతే కదా. నలుగురి బ్యాచిలో రికార్డు రాసేది ఎవరు, వైవాలో నిలబడి మాట్లాడేది ఎవరు? నేను ఎగ్జామినర్‌గా పోయిన ప్రతిచోటా చూశాను. ఆ మూలన కూర్చున్న అమ్మాయిని ఒక్క ప్రశ్న అడిగితే కోడ్ ఎవరు రాశారో తెలిసిపోయేది.

సరే, ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. అమెరికాలోనూ ఉంది. అనిటా బోర్గ్ అనే కంప్యూటర్ సైంటిస్టు, టెల్లీ విట్నీ అనే మరో ఆమె కలిసి 1994లో మహిళల కోసమే ఒక సభ మొదలుపెట్టారు. దానికి గ్రేస్ హాపర్ పేరు పెట్టారు. గ్రేస్ హాపర్ ఎవరు? అమెరికా నేవీలో పనిచేసి రియర్ అడ్మిరల్ స్థాయికి వెళ్ళిన ఆమె. 1952లోనే కంపైలర్ రాసింది. మీరు రాసిన ప్రోగ్రాంను మిషన్ భాషలోకి మార్చే పని మిషనే చేసుకోవాలన్నది ఆమె పట్టుదల. అప్పట్లో అది కుదరదన్నారు. ఇవాళ మీరు ల్యాబులో రోజూ వాడేది అదే కదా.

ఆ అనిటా బోర్గ్ పేరు మీదున్న సంస్థ, అమెరికా బయటి దేశాల ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక అవార్డు పెట్టింది. ప్రత్యేకంగా ఎందుకు? అందరితో పాటే ఇవ్వొచ్చు కదా? నేనూ మొదట అట్లాగే అనుకున్నా. కానీ చూడండి. కాలిఫోర్నియాలో ఒకామె ఏదైనా కనిపెడితే పక్కనే పేపరువాడు ఉంటాడు, పెట్టుబడి పెట్టేవాడు ఉంటాడు, ఆమె గురించి సిఫారసు ఉత్తరం రాసే ప్రొఫెసర్లు పదిమంది ఉంటారు. నైరోబీలో పని చేసే అమ్మాయికి ఎవరున్నారు? పాలమూరులో పని చేసే అమ్మాయికి ఎవరున్నారు? పనిలో తేడా లేదు, చూసేవాళ్ళలో తేడా ఉంది.

2011లో ఆ అవార్డు కెన్యాకు చెందిన జుడిత్ ఒవిగార్‌కు వచ్చింది. ఆమె స్నేహితురాళ్ళతో కలిసి 2010లో నైరోబీలో అకిరాచిక్స్ అనే సంస్థ పెట్టింది. ఏం చేస్తారు? పేదల బస్తీల్లో ఉండి, పై చదువుకు డబ్బు లేక ఆగిపోయిన ఆడపిల్లలకు ప్రోగ్రామింగ్, డిజైన్ నేర్పుతారు. చిన్న పని అనిపిస్తుంది, కదా? అదే కెన్యాలో 2007 చివర ఎన్నికల తర్వాత గొడవలు జరిగాయి, జనం చనిపోయారు. ఎక్కడ ఏం జరుగుతుందో టీవీల్లో రావడం లేదు. ఓరీ ఒకొల్లో అనే లాయరమ్మ, జూలియానా రోటిచ్ అనే ఆమె, ఇంకో ఇద్దరు మగవాళ్ళు కలిసి, 2008 జనవరిలో కొద్ది రోజుల్లోనే ఒక వెబ్‌సైట్ తయారుచేశారు. మామూలు ఫోను నుంచి ఎస్సెమ్మెస్ పంపితే చాలు, అది మ్యాపు మీద చుక్కగా పడుతుంది. ఫలానా వీధిలో ఇల్లు కాలుతోంది, ఫలానా చోట రోడ్డు మూశారు అని. దాని పేరు ఉషాహిది. స్వాహిలీ భాషలో 'సాక్ష్యం' అని అర్థం. 2010లో హైతీలో భూకంపం వస్తే అక్కడా అదే వాడారు. కెన్యాలో పుట్టిన వస్తువు అది! ఇక మీ జిల్లాలో పుట్టదని ఎవరన్నారు?

అదే దేశం నుంచి డోర్కస్ ముతోని అని ఇంకొకామె ఉంది. ఇరవై నాలుగేళ్ళకే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. 2014లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఇంటర్నెట్‌ను పెంచినవాళ్ళ గౌరవ జాబితాలో, పేరెక్కింది. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అని చిన్న దేశం. అక్కడి ఇడా హోల్జ్ గారికి అంతకు ముందు ఏడాది అదే గౌరవం వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. కాబట్టి నేనింకా ఆశ వదులుకోలేదు.

ఇప్పుడు వీఓఏ అక్కలు కొంచెం ముందుకు వినండి, ఇది మీ కోసం. అఫ్ఘానిస్తాన్‌లో హెరాత్ అనే ఊరు. రోయా మహబూబ్ అనే అమ్మాయి 2010లో అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. ఆడపిల్లలకు పని ఇచ్చింది. జీతం ఇవ్వాలి. ఎట్లా ఇవ్వాలి? వాళ్ళకు బ్యాంకు ఖాతాల్లేవు. నగదు ఇస్తే ఇంట్లో మగవాళ్ళ చేతికి పోతుంది. అప్పుడు కొంతమందికి బిట్‌కాయిన్‌లో, అంటే బ్యాంకు లేకుండా ఇంటర్నెట్‌లోనే చేతులు మారే డబ్బులో, చెల్లించింది. బిట్‌కాయిన్ కొనమని నేను చెప్పడం లేదు, మళ్ళీ ఇంటికెళ్ళి మేడం చెప్పిందనొద్దు! ఆమె బాధేమిటో చూడండి. పని ఆమెది, డబ్బు ఎవరి పేరు మీద? 2013లో టైమ్ పత్రిక ప్రపంచం మీద ప్రభావం చూపిన వందమందిలో ఒకరిగా ఆమెను లెక్కపెట్టింది. కానీ 2021లో తాలిబన్లు మళ్ళీ వచ్చారు. రోబోలు తయారుచేసే ఆడపిల్లల జట్టును కూడా ఆమె నిలబెట్టింది, వాళ్ళలో చాలామంది దేశం విడిచిపోవాల్సి వచ్చింది. పత్రికలో ఫోటో పడినంత మాత్రాన కాపాడదు, అదీ తెలుసుకోవాలి.

మరి మన దగ్గర? అక్కా, మీరు ట్యాబులో సంఘం లెక్కలు ఎక్కిస్తారు కదా. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? చెప్పండి, సిగ్గుపడకండి. చూశారా, మా ఆయన ఫోనుకు అంటుంది అక్క. ఆయనెక్కడుంటాడు? హైదరాబాదులో, పనికి. అంటే సంఘం లెక్క ఇక్కడ ఎక్కించాలంటే, హైదరాబాదులో ఆయన సెంట్రింగ్ కర్ర దించి, ఫోను తీసి, నంబరు చెప్పాలి. ఆయన ఎత్తకపోతే? మళ్ళీ ఓటీపీ. ఇది ఊళ్ళలో ప్రతిరోజూ జరిగే కథ. పని అక్కది, లాగిన్ అక్కది, తాళం మాత్రం వేరే చోట. నా కంప్యూటరు గది తాళం లాగే.

మన ఉమ్మడి నల్లగొండలోనే, ఆలేరు దగ్గర, పద్మశాలి ఇళ్ళల్లో ఆసు పోసేది ఎవరు? ఆడవాళ్ళు. పోచంపల్లి చీరకు చిటికి కట్టడానికి, అంటే రంగు అద్దేందుకు నూలుకు ముడులు కట్టడానికి ముందు, నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ చుట్టాలి. ఒక చీరకు దగ్గర దగ్గర తొమ్మిదివేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. రోజుకు రెండు చీరలైతే? రాత్రికి భుజం లేవదు. చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మమ్మ పడే ఈ బాధ చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగినా, ఏడేళ్ళు కష్టపడి 1999లో ఆసు మిషన్ తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ మిషన్ పేరేమిటి? లక్ష్మీ ఆసు యంత్రం. తల్లి పేరు పెట్టాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడ ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆ మిషన్‌కు కావలసిన కొలతలన్నీ ఆ తల్లి భుజంలో ఉన్నాయి. ఎక్కడ లాగాలి, ఎక్కడ వదలాలి, దారం ఎప్పుడు తెగుతుంది, అంతా ఆమెకు తెలుసు. ఆయనది ఇంజనీరింగు, సందేహం లేదు. కానీ ఆసు పోసే ఆడవాళ్ళను పనివాళ్ళు అనే అన్నాం, ఇంతకాలం. తెలిసినవాళ్ళు అని ఎప్పుడన్నా అన్నామా?

జహీరాబాద్ దిక్కు ఇంకో ముచ్చట ఉంది. అక్కడ మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ, ఇద్దరూ దళిత మహిళలు, వాళ్ళే స్టూడియో నడిపారు. మిక్సరు, రికార్డరు, ఎడిటింగు, అన్నీ. వాళ్ళ తోటి ఆడవాళ్ళే వీడియోలూ తీశారు. కెమెరా పాఠాల్లో ఇంగ్లీషు పేర్లు ఉంటాయి కదా, హై యాంగిల్, ఐ లెవెల్ అని. వాళ్ళు వాటికి వాళ్ళ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాటు పటేల్ షాటు. పటేలు అరుగు మీద కూర్చుని కింద నిలబడ్డ కూలిని అట్లాగే చూస్తాడు కాబట్టి. కళ్ళకు సూటిగా, సమానంగా పెట్టే షాటు సంఘం షాటు. సంఘంలో అందరూ కింద చాప మీద కూర్చుంటారు కాబట్టి. సినిమా కోర్సు చేసిన వాళ్ళెవరైనా ఇంతకంటే బాగా చెప్పగలరా? నాయకత్వం అంటే కంపెనీ సీఈఓ అనే అనుకుంటాం. పరికరానికి సొంత భాషలో పేరు పెట్టగలిగిన మనిషిని ఏమంటారు మరి?

ఇక అసలు పనికి వద్దాం, టైమవుతోంది. గుర్తింపు ఆకాశం నుంచి ఊడిపడదు బిడ్డా. ఎవరో ఒకరు కూర్చుని రాస్తే వస్తుంది. పద్మ అవార్డులకు ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు, తమ పేరు తామే పంపుకోవచ్చు కూడా. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? నలుగురికి. ఆన్‌లైన్‌లోనే. ఆమె ఏం చేసిందో 800 మాటలకు మించకుండా రాయాలి. అంతే. 800 మాటలంటే మీ అసైన్‌మెంటు కంటే తక్కువ. కానీ ఎట్లా రాస్తాం మనం? 'నిరంతర శ్రామికురాలు, నిరాడంబరురాలు, సేవాతత్పరురాలు.' ఇవి రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఏం చేసింది, దానివల్ల ముందు ఎన్ని గంటలు పట్టే పని ఇప్పుడు ఎన్ని గంటల్లో అవుతోంది, ఎంతమంది వాడుతున్నారు. ఇవి రాయండి. తొమ్మిదివేల సార్లు అన్న లెక్క చూశారా? ఆ ఒక్క అంకె చాలు, భుజం నొప్పి వచ్చేస్తుంది చదివేవాడికి.

ఇంకో చిక్కు ఉంది. ఆడవాళ్ళకు రెండు పేర్లు. పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒకటి, తర్వాత ఒకటి. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, ఊళ్ళో పిలిచేది ఇంకొకటి. నాకూ అంతే. అందుకని రెండూ రాయండి. ఒకే మనిషి అని తెలియాలి.

కాలేజీ వాళ్ళు మీ అందరి చేతిలో అర కాగితం పెట్టారు కదా. ఇప్పుడు దాని మీద ఒక ఆడమనిషి పేరు రాయండి. మీకు తెలిసినామె. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసే అక్క కావచ్చు, మీసేవలో కూర్చునే ఆమె కావచ్చు, బోరు మోటారు వైండింగ్ చేసే ఆమె కావచ్చు, మీ అమ్మ కావచ్చు. రమేష్ వాళ్ళ అమ్మ అని రాయొద్దు, ఆమె పేరు రాయండి. ఊరు రాయండి. ఆమె చేసిన ఒక్క పని, ఒకే ఒక్క పని, అంకెతో సహా రాయండి. కింద మీ పేరు రాయండి, మీ ఫోను నంబరు, మీ ఆయనది కాదు. వచ్చే రెండు శనివారాలు నేను ఇక్కడ లైబ్రరీలో కూర్చుంటా. ఈ కాగితాలు పట్టుకుని ఒక్కొక్కరితో కూర్చుని 800 మాటలు రాద్దాం. తెలుగులోనే మొదలుపెడదాం, ఇంగ్లీషు సంగతి తర్వాత చూసుకుందాం.

ఇందాక ట్రే పట్టుకొచ్చిన బిడ్డా, నువ్విటు రా. ట్రే అక్కడ పెట్టేయ్. ఈ పెన్ను తీసుకుని ముందు ఆ పోస్టరు కింద నీ పేరు రాయి. పెద్దగా రాయి, వెనక వరసకు కనబడాలి. ఆ తర్వాత కాగితాలు వసూలు చెయ్యి.

దేవరకొండ బస్సు వాళ్ళు ఎవరు? ఐదున్నరకేనా? అయితే మీరు ముందు ఇచ్చేసి వెళ్ళండి.